శాసనసభ్యులకు ఒక టీచర్ లేఖ: బడి బిల్లు తెచ్చే ముందు రాబ్ బట్లర్ ఏం చేశాడో చూడండి

తెలంగాణ శాసనసభలోని 119 మంది సభ్యులకు, శాసనమండలి సభ్యులకు,

నమస్కారం.

హైదరాబాద్ సర్కారు హైస్కూళ్లలో సోషల్ చెప్పి రిటైరైన టీచర్‌ని. నేను ఏ పార్టీలోనూ లేను, ఏ సంఘం తరఫునా రాయడం లేదు. మిమ్మల్ని అడిగేది ఒక్కటే. బడుల గురించి మీరు ఏ చట్టం చేసినా, అది ప్రైవేటు బడుల ఫీజుల మీదైనా, సర్కారు బడుల బాగు కోసమైనా, మధ్యాహ్నం ప్రవేశపెట్టి సాయంత్రానికి మూజువాణి ఓటుతో ముగించే పని కాకూడదు. బిల్లు సభకు రాకముందే దాన్ని వ్యతిరేకించే వాళ్లందరి గడపా తొక్కాలి. ఆ పని ఎలా చేస్తారో చూపించిన ఒక మంత్రి గురించి ఈ ఉత్తరంలో రాస్తున్నాను. ఆయన బ్రిటన్ కన్జర్వేటివ్ పార్టీ మనిషి. పేరు రిచర్డ్ ఆస్టెన్ బట్లర్. పేరులోని మొదటి అక్షరాలు కలిపి అందరూ రాబ్ అని పిలిచేవాళ్లు.

కన్జర్వేటివ్ పేరు వినగానే మీలో కొందరు మొహం తిప్పుకోవచ్చు. మనల్ని ఏలినవాళ్ల పార్టీ మంత్రి మనకెందుకనీ అడగొచ్చు. నేను ఆయన్ని ఎంచుకున్నది అందుకే. పిల్లలందరికీ ఉచితంగా హైస్కూలు చదువు అనగానే అది వామపక్షాల నినాదమని, ఖజానాకు బరువని కొట్టిపారేసేవాళ్లు మన సభలోనూ ఉన్నారు, మన టీవీ చర్చల్లోనూ ఉన్నారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఆ పని చేసింది పాతకాలపు పార్టీకి చెందిన, పెద్ద అధికారుల కుటుంబం నుంచి వచ్చిన, ఉన్న వ్యవస్థను కూల్చడం ఏమాత్రం ఇష్టంలేని మనిషి. అదీ ప్రపంచయుద్ధం జరుగుతుండగా, ప్రధానమంత్రి వద్దని చెప్పాక.

ఆయన పుట్టింది మన ఉపఖండంలోనే. 1902 డిసెంబర్ 9న, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న పంజాబ్‌లోని అటక్‌లో. తండ్రి మాంటెగ్యూ బట్లర్ ఐసీఎస్ అధికారి, తర్వాత సెంట్రల్ ప్రావిన్సెస్‌కు గవర్నరయ్యాడు. రాబ్ ఆరేళ్ల వయసులో గుర్రం మీంచి పడి కుడిచెయ్యి దెబ్బతింది. జన్మంతా ఆ చెయ్యి సరిగ్గా పనిచేయలేదు. కేంబ్రిడ్జ్‌లో చదివి, 26 ఏళ్లకే 1929లో శాఫ్రన్ వాల్డెన్ నుంచి పార్లమెంటుకు వెళ్లాడు. 1965 వరకు, అంటే 36 ఏళ్లు, అదే నియోజకవర్గం ఆయన్ని గెలిపిస్తూ వచ్చింది.

బిల్లు పని ఆయన నేర్చుకున్నది మన దేశం మీదే. 1932లో లోథియన్ కమిటీతో ఇక్కడికి వచ్చాడు. ఎవరికి ఓటు ఇవ్వాలో తేల్చడానికి వేసిన కమిటీ అది. అదే ఏడాది, 29 ఏళ్ల వయసులో, ఇండియా శాఖకు ఉపమంత్రి అయ్యాడు. 1935 భారత ప్రభుత్వ చట్టం బిల్లులో 473 క్లాజులుండేవి. సొంత పార్టీలో చర్చిల్ నాయకత్వంలోని వర్గమే దాన్ని నెలల తరబడి అడ్డుకుంది. శాఖామంత్రి శామ్యూల్ హోర్ పక్కన కూర్చుని క్లాజు తర్వాత క్లాజుకు జవాబు చెప్పింది ఈ కుర్ర ఉపమంత్రే. ఆ చట్టం మన స్వాతంత్ర్యోద్యమం కోరినది ఇవ్వలేదు, అందులో దాపరికమేమీ లేదు. అయినా ఓటర్ల సంఖ్య సుమారు 70 లక్షల నుంచి 3.5 కోట్లకు పెరిగింది. కృష్ణా అవతల మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగువాళ్లు 1937లో ఆ చట్టం కిందే ఓటేశారు. నిజాం ఏలుబడిలోని మన తాతలకు ఆ మాత్రమూ దక్కలేదు. సంస్థానాలను కలిపే ఫెడరేషన్ భాగం, నిజాంతో సహా తగినంతమంది సంస్థానాధీశులు ముందుకు రాకపోవడంతో కాగితం మీదే ఆగిపోయింది.

ఇక అసలు సంగతి. 1941 జూలైలో, అప్పటికి ప్రధాని అయిన చర్చిల్ ఆయనకు విద్యాశాఖ అప్పగించాడు. యుద్ధం నడుస్తుంటే అందరి కళ్లూ సైన్యం మీద, ఆయుధాల మీద ఉండేవి. విద్య చాలామందికి పక్కన పెట్టిన శాఖలా కనిపించేది. మన దగ్గరా అంతే కదా. మంత్రివర్గ విస్తరణ రోజున రెవెన్యూ, నీటిపారుదల, మున్సిపల్ శాఖల కోసం జరిగే పోటీ విద్య కోసం జరగడం నేనెప్పుడూ చూడలేదు. బట్లర్ మాత్రం ఆ శాఖను కావాలనుకున్నాడు. సెప్టెంబర్‌లో ప్రధానికి ఉత్తరం రాశాడు: చదువుల వ్యవస్థను పెద్దఎత్తున సరిచేయాలని ఉంది, చర్చిల బడుల సమస్యనూ తేల్చాలని ఉంది అని. కొత్త విద్యా బిల్లు గురించి ఇప్పుడు ఆలోచించలేనని, యుద్ధకాలంలో మతాల తగవు రేపడం మంచిది కాదని చర్చిల్ జవాబిచ్చాడు. బట్లర్ ఎదురు తిరగలేదు, రాజీనామా చేయలేదు, పత్రికలకు లీకులివ్వలేదు. బిల్లు వద్దన్నారు సరే, మాట్లాడటం వద్దనలేదు కదా అనుకుని మాట్లాడటం మొదలుపెట్టాడు.

అప్పటి పరిస్థితి కొంచెం చెప్పాలి. చాలామంది పిల్లలకు 14 ఏళ్లకే చదువు ఆగిపోయేది. హైస్కూలుకు ఫీజు కట్టాలి, కొన్ని ఉచిత సీట్లు పోటీ పరీక్షలో గెలిచినవాళ్లకు దొరికేవి. దేశంలోని బడుల్లో దాదాపు సగం చర్చిల చేతుల్లో ఉండేవి. వాటిని బాగుచేసే డబ్బు చర్చిల దగ్గర లేదు. ప్రభుత్వం డబ్బిస్తే పెత్తనమూ ప్రభుత్వానిదే అవుతుందని వాటి భయం. కూలిపోయే స్థితిలో ఉన్న బడి భవనాల జాబితా ఒకటి విద్యాశాఖ దగ్గర 1920ల నుంచే ఉండేది. దాన్ని బ్లాక్ లిస్టు అనేవాళ్లు. అందులో ఎక్కువ భాగం ఇంగ్లండ్ చర్చివే. 1902లో విద్యా చట్టం వచ్చినప్పుడు చర్చి బడులకు మా పన్నులెందుకని ఇతర ప్రొటెస్టెంట్ శాఖలవాళ్లు ఎదురు తిరిగారు. పన్ను కట్టకుండా జైలుకు వెళ్లినవాళ్లూ ఉన్నారు. చర్చిల్ భయపడ్డది ఆ జ్ఞాపకానికే.

బట్లర్ ఏం చేశాడంటే, ఆ తగవులో ఉన్న ప్రతి పక్షం దగ్గరికీ స్వయంగా వెళ్లాడు. 1942లో కాంటర్బరీ ఆర్చ్‌బిషప్ విలియం టెంపుల్‌తో కూర్చున్నప్పుడు వాదన కంటే ముందు లెక్కలు పెట్టాడు. మీ బడుల కప్పులు ఎన్ని కారుతున్నాయో, ఎన్ని వందేళ్ల పాతవో, బాగుచేయడానికి ఎంత కావాలో చూపించాడు. ఆ తర్వాత రెండు దారులు చూపాడు. బడి నిర్వహణ ఖర్చంతా స్థానిక ప్రభుత్వానికి వదిలేస్తే మేనేజ్‌మెంటులో, మతబోధలో వాటి పెత్తనం తగ్గుతుంది. లేదా పెత్తనం ఎక్కువగా తమ దగ్గరే ఉంచుకుని, భవనాల ఖర్చులో సగం తాము పెట్టుకుంటే మిగతా సగం ప్రభుత్వం ఇస్తుంది. ఏ దారి కావాలో ఒక్కో బడి ఎంచుకోవచ్చు. డబ్బు ఎంత తీసుకుంటే జవాబుదారీ అంత. చర్చి బడుల్లో చాలావరకు మొదటి దారినే ఎంచుకున్నాయి. క్యాథలిక్కులు చివరిదాకా పూర్తిగా ఒప్పుకోలేదు. వాళ్ల బిషప్పుల దగ్గరికి ఉత్తర ఇంగ్లండ్ దాకా వెళ్లి వాళ్ల కోపమంతా విని వచ్చాడు. అందరినీ సంతోషపెట్టలేనని ఆయనకు తెలుసు. అయినా మమ్మల్ని అడగలేదనే మాట మాత్రం ఎవరూ అనలేకపోయారు.

ఈ పనిలో ఆయనకు తోడున్నది ప్రతిపక్షం మనిషి. అప్పుడు అన్ని పార్టీల కూటమి ప్రభుత్వం. శాఖలో రెండో మంత్రి లేబర్ పార్టీకి చెందిన జేమ్స్ చూటర్ ఈడ్, ఒకప్పుడు బడిపంతులు. మధ్యలో వేరే శాఖ ఇస్తామన్నా ఈ పని వదలనన్నాడు. పార్టీలు వేరైన ఇద్దరు మనుషులు మూడేళ్లు ఒకే ఫైలు మీద కూర్చున్నారు.

మన హైదరాబాద్‌కు వద్దాం. ఇక్కడ ఆ చర్చిల స్థానంలో ఎవరున్నారో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఒక వైపు వందలాది బ్రాంచీలున్న కార్పొరేట్ విద్యాసంస్థలు. ఇంకో వైపు సందుల్లో అద్దె ఇంట్లో నడిచే చిన్న ప్రైవేటు బడులు, వాటిని మూసేస్తే ఆ బస్తీ పిల్లలకు మరో దారి దొరకదు. మైనారిటీ సంస్థలకు రాజ్యాంగం ఇచ్చిన హక్కులున్నాయి. టీచర్ల సంఘాలున్నాయి. తల్లిదండ్రుల కమిటీలున్నాయి. వీళ్లందరికీ ఒకే కొలత పెడితే చట్టం మొదటి రోజే హైకోర్టుకు వెళ్తుంది. లక్షల ఫీజు తీసుకునే బడినీ, బస్తీ బడినీ ఒకే గాటన కట్టిన ప్రతిసారీ చిన్న బడిని ముందు నిలబెట్టి పెద్దది తప్పించుకోవడం చూశాం. బట్లర్ చూపిన రెండు దారుల పద్ధతి ఇక్కడ పనికొస్తుందని నా నమ్మకం. ప్రభుత్వ భూమి, పన్ను రాయితీ, రీయింబర్స్‌మెంట్ తీసుకున్నవాళ్లకు ఒక స్థాయి లెక్కలు, తీసుకోనివాళ్లకు ఇంకో స్థాయి లెక్కలు ఉండాలి. అయితే అది తేలేది వాళ్లతో కూర్చుంటేనే.

మన ప్రభుత్వాలు ఏమీ చేయలేదని నేను అనడం లేదు. 2017లో ప్రొఫెసర్ తిరుపతిరావు గారి కమిటీ ఫీజుల మీద కూర్చుంది. 2022లో 'మన ఊరు మన బడి' కింద 26 వేలకు పైగా బడులను బాగుచేస్తామని, 7,289 కోట్లు ఖర్చుపెడతామని ప్రకటించారు. 2024లో విద్యా కమిషన్ వేశారు. కమిటీలు వచ్చాయి, నివేదికలు వచ్చాయి, ప్రభుత్వం మారితే పథకం పేరూ మారింది. ఆ నివేదికల్లో ఏముందో, ప్రభుత్వం అందులో ఏది ఒప్పుకుంటుందో, ఏది ఒప్పుకోదో, ఎందుకు ఒప్పుకోదో సామాన్యుడు చదువుకునేలా ఒక్కచోట తెలుగులో, ఉర్దూలో పెట్టిన రోజు మాత్రం నాకు గుర్తులేదు.

బట్లర్ పెట్టాడు. 1943 జూలైలో శ్వేతపత్రం వచ్చింది. చట్టంలో ఏం ఉండబోతోందో, డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో, ఏ ఏడాదికి ఏది అమలవుతుందో అందులో ఉంది. బిల్లు డిసెంబర్‌లో వచ్చింది. మధ్యలో అయిదు నెలలు దేశం దాన్ని చదివింది, తిట్టింది, సవరణలు చెప్పింది. మన సభలోనూ శ్వేతపత్రాలు పెట్టారు, 2023 డిసెంబర్‌లో ఆర్థిక పరిస్థితి మీద, విద్యుత్తు మీద. అవి జరిగిపోయినదాని లెక్కలు. రాబోయే చట్టం గురించి, అదీ బిల్లుకు నెలల ముందు, బడుల మీద ఒక శ్వేతపత్రం పెట్టమని ఈ లేఖలో నా మొదటి విన్నపం.

ఆయన చట్టానికి 1944 ఆగస్టు 3న రాజు ఆమోదముద్ర పడింది. ప్రభుత్వ హైస్కూళ్లలో ఫీజు పోయింది. బడి మానే వయసు 15కు పెరిగింది. అది 1947లో లేబర్ ప్రభుత్వం అమలుచేసింది. పిల్లలకు బళ్లో భోజనం, పాలు పెట్టడం స్థానిక ప్రభుత్వాల బాధ్యత అయింది. ఇంకో సంగతి మా ఆడ టీచర్లకు తెలియాలి. అప్పటిదాకా చాలాచోట్ల పెళ్లయిన టీచరమ్మను ఉద్యోగం నుంచి తీసేసేవాళ్లు. ఈ చట్టం దాన్ని ఆపింది.

ఆ బిల్లులోనే ఒక కథ ఉంది, అది నాకు ఎప్పుడూ కొరుకుడు పడలేదు. 1944 మార్చి 28న థెల్మా కాజలెట్-కీర్ అనే కన్జర్వేటివ్ ఎంపీ, మగ టీచర్లతో సమానంగా ఆడ టీచర్లకు జీతం ఇవ్వాలని సవరణ పెట్టింది. 117 మంది అవునన్నారు, 116 మంది కాదన్నారు. యుద్ధకాలపు ప్రభుత్వం ఒక్క ఓటుతో ఓడిపోయింది. ఆ సవరణను వ్యతిరేకించింది బట్లరే. చర్చిల్‌కు కోపం వచ్చింది. దీన్ని విశ్వాస పరీక్షగా మార్చాడు. రెండు రోజుల తర్వాత అదే సభ 425కు 23 ఓట్లతో ఆ సవరణను తీసేసింది. యుద్ధం మధ్యలో ప్రభుత్వాన్ని పడగొట్టే ధైర్యం ఎవరికుంటుంది? న్యాయమైన కోరికను అలా మెడలు వంచి వెనక్కి తీయించారు. బట్లర్ జీవితంలో ఇది మచ్చే. అయితే 1955లో ఆర్థికమంత్రిగా ప్రభుత్వ ఉద్యోగాల్లో ఆడవాళ్లకు దశలవారీగా సమాన జీతం తెస్తామని ప్రకటించింది కూడా ఆయనే. 1961 నాటికి అది పూర్తయింది. టీచర్లకూ ఆ దారిలోనే వచ్చింది. పదకొండేళ్లు ఆలస్యంగా తెచ్చాడు. ఆ ఆలస్యంలో ఎంతమంది ఆడ టీచర్లు తక్కువ జీతంతోనే రిటైరైపోయారో.

ఈ కథ చెప్పడానికి కారణముంది. మన నగరంలో ప్రైవేటు బడుల్లో పాఠం చెప్పేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. ఎమ్మెస్సీ, బీఈడీ చేసి ఇంటిపనికి వెళ్లే మనిషి సంపాదనకు దగ్గరగా జీతం తీసుకునేవాళ్లు నాకు తెలుసు. మే నెల జీతం ఉండదు. సర్టిఫికెట్లు మేనేజ్‌మెంటు దగ్గర తాకట్టులో ఉంటాయి. కరోనా వచ్చినప్పుడు వాళ్ల స్థితి లోకానికి తెలిసింది. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. ఆ బియ్యం కోసం రేషన్ షాపు ముందు నిలబడ్డ వాళ్లలో నా దగ్గర చదువుకున్న అమ్మాయిలున్నారు. ఫీజుల బిల్లు గురించి మాట్లాడేటప్పుడు సభలో తల్లిదండ్రుల మాట వస్తుంది, మేనేజ్‌మెంట్ల మాట వస్తుంది. ఈ టీచర్ల మాట రాదు. ఫీజు ఎంత తీసుకున్నారో అడిగే చట్టం, అందులో ఎంత టీచరు చేతికి పోయిందో కూడా అడగాలి. జీతం బ్యాంకు ఖాతాలోకే రావాలన్న ఒక్క క్లాజు పెట్టి అమలుచేసినా చాలామంది బతుకు మారుతుంది.

బట్లర్ చేయని పని ఒకటి మీరు ప్రత్యేకంగా చూడాలి. డబ్బున్నవాళ్ల పిల్లలు చదివే బోర్డింగ్ స్కూళ్లను ఏం చేయాలనే ప్రశ్న ఆయన ముందుకు వచ్చింది. ఆయన దాన్ని బిల్లులో పెట్టకుండా 1942లో ఫ్లెమింగ్ అనే జడ్జి కమిటీకి అప్పగించాడు. 1944లో, చట్టం దాదాపు పూర్తయ్యాక నివేదిక వచ్చింది. ఆ స్కూళ్లలో కనీసం 25 శాతం సీట్లు మామూలు బడుల నుంచి వచ్చే పిల్లలకు ఇవ్వాలని ఆ కమిటీ చెప్పింది. ఎవరూ పట్టించుకోలేదు. ఫస్ట్ క్లాసు పెట్టెను పక్క పట్టాల మీదికి మళ్లించినట్టయిందని ఆయనే తర్వాత రాసుకున్నాడు. ఇంగ్లండ్‌లో ఆ పెట్టె ఇప్పటికీ వేరుగానే నడుస్తోంది.

ఆ అంకె మీకు గుర్తొచ్చే ఉంటుంది. 2009లో మన పార్లమెంటు చేసిన విద్యాహక్కు చట్టం కూడా ప్రైవేటు బడుల్లో మొదటి తరగతి నుంచే 25 శాతం సీట్లు పేద, వెనుకబడిన కుటుంబాల పిల్లలకు ఇవ్వమంది. వాళ్లకు దక్కనిది మనకు చట్టంగా దక్కింది. 2012లో సుప్రీంకోర్టు కూడా సరేనంది, ప్రభుత్వ సాయం తీసుకోని మైనారిటీ సంస్థలకు తప్ప. అయినా మన రాష్ట్రంలో ఏళ్లకేళ్లు అది కాగితం దాటి రాలేదు. అంబర్‌పేటలో, బోరబండలో, చాంద్రాయణగుట్టలో ఆ సీట్లలో కూర్చోవలసిన పిల్లలు ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా చదువులు ముగించేసుకుని వెళ్లిపోయారు. ఆ తరానికి ఎవరు ఏం జవాబు చెబుతారు? ఫీజు రీయింబర్స్‌మెంటుకు డబ్బుల్లేవని అంటే సభలో ఆ మాట లెక్కలతో చెప్పండి. సర్కారు బడులు ఖాళీ అవుతాయని భయమైతే, అది నిజమైన భయమే, టీచర్‌గా నాకూ ఉంది, దాన్నీ సభలోనే చెప్పండి. చెప్పకుండా ఊరుకోవడం మాత్రం నేను ఒప్పుకోలేను.

పదకొండేళ్లకే పిల్లలను పరీక్షపెట్టి విడదీసే పద్ధతి కూడా ఆ చట్టం తర్వాతే దేశమంతా పాకింది. గెలిచినవాళ్లు గ్రామర్ స్కూలుకు, మిగిలినవాళ్లు మోడర్న్ స్కూలుకు. చట్టంలో ఆ మాట రాసిలేదు, కానీ తలుపు తెరిచి వదిలేసింది. మోడర్న్ స్కూలుకు వెళ్లిన పిల్లలు తాము పనికిరానివాళ్లమనే భావంతో పెరిగారు. ఈ మాట రాస్తుంటే మన గురుకులాల ప్రవేశపరీక్షలు నా మనసులో మెదులుతున్నాయి. 1971లో పీవీ నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు సర్వేల్‌లో మొదలైన రెసిడెన్షియల్ బడి ఎంతమందిని పైకి తెచ్చిందో నాకు తెలుసు, నా సహోద్యోగుల్లో అక్కడ చదివినవాళ్లున్నారు. గురుకులాలకు నేను వ్యతిరేకిని కాను. సీటు రాని పిల్ల తిరిగి వచ్చేది మా బడికే. ఆ బడిలో లెక్కల టీచర్ పోస్టు ఖాళీగా ఉంటే, హైదరాబాద్ లాంటి నగరంలో ఇప్పటికీ కొన్ని బడులు అద్దె భవనాల్లో, ఒకే కప్పు కింద రెండు మూడు బడులుగా నడుస్తుంటే, మొదటి ఖర్చు ఎక్కడ పెట్టాలో మీరే ఆలోచించండి. మన బ్లాక్ లిస్టు ఎక్కడుంది? ఏ నియోజకవర్గంలో ఏ బడి గోడ పగిలిందో, ఎక్కడ ఆడపిల్లలకు మరుగుదొడ్డి లేదో పేర్లతో సహా జాబితా సభ ముందు పెట్టండి. బట్లర్ ఆర్చ్‌బిషప్ ముందు పెట్టిన కాగితం అలాంటిదే.

ఆయన మిగతా జీవితం గురించి క్లుప్తంగా. 1938 నుంచి 1941 దాకా విదేశాంగ ఉపమంత్రిగా హిట్లర్‌తో రాజీ పడదామన్న పక్షంలో ఉన్నాడు. అది పెద్ద తప్పు, చరిత్ర ఆయన్ని వదల్లేదు. 1951 నుంచి 1955 వరకు ఆర్థికమంత్రి. 1957 నుంచి 1962 వరకు హోంమంత్రి. కామన్వెల్త్ వలసదారులను అడ్డుకునే 1962 చట్టాన్ని తెచ్చింది ఆయనే. అటక్‌లో పుట్టిన మనిషి, పంజాబ్ నుంచి వచ్చేవాళ్లకు ఇంగ్లండ్ తలుపు సగం మూశాడు. దీన్ని నేను క్షమించలేను. 1957లో ఒకసారి, 1963లో ఒకసారి ప్రధాని పదవి ఆయన చేతికందేలా వచ్చి వేరేవాళ్లకు పోయింది. రెండుసార్లూ ఆయన గొడవ చేయలేదు, గెలిచినవాళ్ల మంత్రివర్గంలోనే పనిచేశాడు. తర్వాత కేంబ్రిడ్జ్‌లో ట్రినిటీ కాలేజీకి మాస్టర్‌గా వెళ్లాడు. 1982లో పోయాడు. ఆర్థిక, హోం, విదేశాంగ శాఖలన్నీ చూసిన మనిషి పేరు ఇవాళ అక్కడి టీచర్లకు గుర్తున్నది చట్టం పేరుతోనే. 1944 చట్టాన్ని ఇప్పటికీ బట్లర్ చట్టమనే అంటారు.

మీలో మొదటిసారి గెలిచినవాళ్లకు ఇది ముఖ్యంగా చెబుతున్నాను. మీకు మంత్రి పదవి రాకపోవచ్చు. సభలో మాట్లాడటానికి మీ పార్టీ మీకు ఇచ్చేది కొద్ది నిమిషాలే. ఒక్క బిల్లు పట్టుకుని, దాని క్లాజులన్నీ చదివి, సవరణ నోటీసు ఇవ్వడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కాజలెట్-కీర్ మంత్రి కాదు. మామూలు సభ్యురాలు. ఒక్క సవరణతో ప్రభుత్వాన్ని ఒక్క ఓటు తేడాతో ఓడించింది.

నా విన్నపాలు ఇవి. బడుల మీద ఏ బిల్లు వచ్చినా సెలెక్ట్ కమిటీకి పంపమని లేచి అడగండి, పాలకపక్షం వాళ్లయినా సరే. ఆ కమిటీలో అన్ని పార్టీలవాళ్లూ ఉండాలి, ఒక్కరైనా బడిలో పాఠం చెప్పిన మనిషి ఉండాలి. అది పబ్లిక్ గార్డెన్స్ పక్కనున్న భవనంలోనే కూర్చోకుండా ఆదిలాబాద్‌లో, మహబూబ్‌నగర్‌లో, పాతబస్తీలో కూర్చోవాలి. ప్రైవేటు మేనేజ్‌మెంట్లను పిలవండి, వాళ్ల ఆడిట్ లెక్కలతో పిలవండి. బస్తీ బడి నడిపేవాళ్లను వేరుగా పిలవండి. టీచర్లను వాళ్ల మేనేజ్‌మెంటు లేని గదిలో పిలవండి. సభలో ఆ బిల్లు మీద గంట కాదు, రోజులు పెట్టండి.

మా వీధిలో ఆటో నడిపే ఒకాయన కూతురికి ఫీజు బాకీ ఉందని ఒక ప్రైవేటు బడి టీసీ ఇవ్వలేదు. ఎనిమిదో తరగతి వరకు టీసీ ఆలస్యమైనా సర్కారు బడి చేర్చుకోవాలని విద్యాహక్కు చట్టం అయిదో సెక్షన్ చెబుతోంది. ఆ సంగతి ఆ తండ్రికి తెలియదు. ఆ అమ్మాయి ఇంట్లో కూర్చుంది. తర్వాత మేం తీసుకెళ్లి సర్కారు బడిలో చేర్పించాం. ఇలాంటి తల్లిదండ్రులు ఈ నగరంలో ప్రతి గల్లీలోనూ ఉన్నారు. వాళ్ల దగ్గర రసీదులున్నాయి. రసీదులివ్వకుండా తీసుకున్న డబ్బు లెక్కలు నోట్‌బుక్కుల్లో రాసుకున్నవాళ్లూ ఉన్నారు. పేరు బయటపడితే పిల్లను వేధిస్తారని భయపడుతున్నారు. కమిటీ వేస్తే, సాక్ష్యం చెప్పేవాళ్ల పేర్లు గోప్యంగా ఉంచుతామని మొదటి రోజే ప్రకటించండి. అలా ప్రకటిస్తే ముషీరాబాద్, చిక్కడపల్లి, రాంనగర్ తల్లిదండ్రులను వెంటబెట్టుకుని వచ్చే బాధ్యత నాది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్
ముషీరాబాద్, హైదరాబాద్